పంగిడి గవ్వల పొర దగ్గర మా అన్నయ్య చెప్పిన మాట

కొవ్వూరు దగ్గర పంగిడి క్వారీల్లో గవ్వల పొర ఉందట కదా, ఎలా వెళ్ళాలి అని ఈ బ్లాగులో నన్ను ఇద్దరు ముగ్గురు అడిగారు. నేనే చూడలేదు కాబట్టి అప్పట్లో జవాబివ్వలేదు. జూన్ చివరి వారంలో వెళ్ళొచ్చాను. దారి చెబుతాను, ఖర్చు చెబుతాను, టిఫిన్ ఎక్కడ తినాలో కూడా చెబుతాను. కాకపోతే ఇది హుషారుగా చదువుకునే టపా కాదు. హుషారు కావలసినవాళ్ళు నా పాపికొండల టపా చదువుకోండి, అందులో లాంచీ మీద చేపల పులుసు కూడా ఉంది.

సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. గోదావరికి పడమటి వైపు, కొవ్వూరు దాటాక పంగిడి చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా నల్లరాయి. ఒకప్పుడు కరిగి పారిన లావా గడ్డకట్టి అలా రాయైంది. అలాంటి లావా రెండు సార్లు పారింది, ఒకదాని మీద ఒకటి. రెంటికీ నడుమ తెల్లటి సున్నపురాయి పొర, దాని నిండా గవ్వలు. కింది లావా చల్లారాక ఉప్పునీళ్ళు వచ్చి, ఆ నీళ్ళలో గవ్వలు తరతరాలుగా బతికి చచ్చి, ఆ తర్వాత మళ్ళీ లావా వచ్చి వాటిని కప్పేసిందని భూగర్భ శాస్త్రం చెబుతుంది. ఇది జరిగి సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళయిందట.

ఇక నా సంగతి. నేను నరసాపురం దగ్గర ఒక పల్లెలో హైస్కూలు బయాలజీ టీచర్ని. ఆదివారం అదే ఊరి చర్చిలో సండే స్కూల్ టీచర్ని. మా అన్నయ్య ఆ చర్చికి అయ్యగారు, అంటే పాస్టరు. మా నాన్నగారు అక్కడే ఉపదేశి, ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పేవారు. ఆయన ఒకసారి కొవ్వూరులో సువార్త కూటాలకి వెళ్ళి, రోడ్డు పక్క రాళ్ళగుట్టలోంచి గవ్వలు అతుక్కున్న తెల్లరాయి ఒకటి సంచిలో వేసుకొచ్చారు. సముద్రానికి అంత దూరాన, మెరక మీద, గవ్వలెలా వచ్చాయి? బైబిల్లో ఉన్న నోవహు నాటి జలప్రళయంలో వచ్చాయి. ఆయన లెక్క అంతే, అందులో ఆయనకి ఇసుమంత అనుమానం లేదు. అప్పటినుంచి మా చర్చికి ఒక ఆచారం ఏర్పడింది. ఏటా గోదావరికి ఎర్రనీరు, అంటే కొత్త వరద నీరు, తగిలాక వచ్చే మొదటి ఆదివారం జలప్రళయం పాఠం చెబుతారు. పిల్లలు వరసగా నిలబడి ఆ రాయిని చేతులు మార్చుకుంటూ "దేవుడు చెప్పింది జరిగింది" అంటారు. ఆరేళ్ళప్పుడు నేనూ అన్నాను. రాయి బరువుకి చేతులు వణికాయి, అది దేవుడి బరువే అనుకున్నాను.

మొన్న ఫిబ్రవరిలో తొమ్మిదో తరగతికి స్లిప్ టెస్ట్ పెట్టి, భూమి వయస్సు ఎంత అని ఒక ప్రశ్న ఇచ్చాను. రిబ్కా అనే పిల్ల ఇలా రాసింది: "బడిలో అయితే నాలుగు వందల అరవై కోట్ల సంవత్సరాలు. చర్చిలో అయితే ఆరు వేల సంవత్సరాలు. రెండూ మా టీచరుగారే చెప్పారు." వెటకారం కాదు, ఆ పిల్లకి వెటకారం చేతకాదు. వేరే దారి లేక ఫుల్ మార్కులు వేశాను. పక్కకి పిలిచి, "పరీక్షలో ఒక్కటే రాయాలమ్మా" అన్నాను. "ఏదండీ?" అంది. "కోట్లది." "మరి రెండోది ఎక్కడ రాయాలండీ?" పోయి ఆడుకోమన్నాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నన్ను ఇంత సిగ్గుపడేలా చేసిన ప్రశ్న ఇంకొకటి లేదు.

భూమి వయసు ఎంతైతే నాకేంటి అని మీరనవచ్చు. నాకూ దాంతో పనిలేదు. నా పని మా ఆయన సమాధితో. నాలుగేళ్ళ కిందట ఆయన పోయినప్పుడు సమాధి పక్కన అన్నయ్య నా చెయ్యి పట్టుకుని, "మళ్ళీ చూస్తావు అమ్మడూ, ఇది నిజం" అన్నాడు. నమ్మాను. నమ్మబట్టే మర్నాడు అన్నం ముద్ద గొంతు దిగింది. అదే నోటితో అన్నయ్య ఆ రాయి కథ కూడా నిజమని చెబుతాడు. అందులో ఒకటి అబద్ధమైతే రెండోదాన్ని ఎక్కడ పెట్టుకోను? సర్దుకోవడానికి ప్రయత్నించకపోలేదు. సృష్టికి పట్టింది ఆరు దినాలంటే, దేవుడి దినం మన దినం కాదు, ఒక్కో దినం ఒక్కో యుగం అనుకున్నాను. కొన్నాళ్ళు గడిచింది. కానీ మనిషి పాపం వల్లే మరణం లోకంలోకి వచ్చిందని కదా మేం నేర్చుకున్నది. మనిషి పుట్టడానికి కోట్ల ఏళ్ళ ముందే గవ్వలు గుట్టలుగా చచ్చి పడి ఉంటే మరణం ఎవరి వల్ల వచ్చినట్టు? అది మొదటినుంచీ ఉన్నదే అయితే, ఏదో ఒక రోజు పోతుందని ఏ ధైర్యంతో అనుకోను?

ఈ ఏడు ఎర్రనీటి పాఠం నన్నే చెప్పమన్నాడు అన్నయ్య. ముందు ఆ రాయి పుట్టిన చోటు చూసొద్దాం రమ్మన్నాను. నా ఆశ ఒకటే. అన్నయ్యది కొండంత నమ్మకం. ఆ పొరని కళ్ళారా చూసి, దాని వయసు విని, "ఉంటే ఉండనీ, దేవుడు దేవుడే" అని అతను ఒక్క మాటంటే చాలు, నేను గట్టెక్కుతాను.

నరసాపురంలో తెల్లవారుజామున ఐదు దాటాక బయలుదేరే ప్యాసింజరు ఎక్కాం. టైములు మారుతుంటాయి, ముందురోజు చూసుకోండి. టిక్కెట్టు ముప్పై చిల్లర, కొవ్వూరుకి మూడు గంటలు. భీమవరం దాటేదాకా రెండు పక్కలా చేపల చెరువులు, అవి తగ్గాక నారుమళ్ళు. ఎదురు సీట్లో ఒకామె ఎక్స్‌రే కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, రాజమండ్రి ఆసుపత్రికి వెళుతోంది. అన్నయ్య చేతిలో బైబిలు చూసి, "అయ్యగారూ, మా ఆయనకి ఊపిరితిత్తుల్లో ఏదో ఉందంటున్నారండి, ప్రార్థన చేయండి" అంది. అన్నయ్య అక్కడే, ఆ రద్దీలో, ఆమె తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, "మీరు చెప్పాక ధైర్యంగా ఉందండి" అంది. నాకు గర్వంగా అనిపించింది. నిడదవోలులో బండి ఆగితే ఇడ్లీ కొనుక్కుని తిన్నాం. అల్లం చట్నీ బాగుంటుంది, కానీ ప్లాట్‌ఫారం మీదకి దిగి వేడివి చూసి తీసుకోండి, బండిలోకి తెచ్చేవి చల్లారిపోయి ఉంటాయి.

కొవ్వూరు స్టేషన్ బయట సత్తిబాబు అనే ఆటో అతను రానూపోనూ, ఆగినందుకూ కలిపి తొమ్మిది వందలు అడిగి ఎనిమిది వందలకి ఒప్పుకున్నాడు. ముప్పావుగంట దారి. టిప్పర్లు ఎదురొస్తుంటే కళ్ళలో దుమ్ము, తువ్వాలు ఒకటి తెచ్చుకోవాలి. గవ్వల కోసం వెళుతున్నామంటే అతనికి ఆశ్చర్యం.

"గవ్వలకి నరసాపురం నుంచి ఇక్కడికొచ్చారాండీ? అక్కడ సముద్రమే ఉంది కదండీ!"

"ఇవి పాతవి. కోట్ల ఏళ్ళవి" అన్నాను.

"కోట్లంటే మా పంతులుగారిని అడగాలండి. ఏ పూజైనా ముందు శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం అంటూ మొదలెడతారు. అదంతా కాలం లెక్కేనంట, కోట్లకి కోట్లు. మేం ఈలోపు కొబ్బరికాయకి పీచు తీసుకుంటామండి." అద్దంలోంచి అన్నయ్య చేతిలో బైబిలు చూశాడు. "మీకు సృష్టంతా ఆరు రోజుల్లో అయిపోయిందంట కదండీ అయ్యగారూ? ఏమనుకోకండి, మా ఇంటి స్లాబుకే ఆరు నెలలు పట్టింది."

అన్నయ్య పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను. సత్తిబాబు మీద అసూయ కూడా కలిగింది. అతని కోట్లు అతన్ని ఏమీ అడగవు, కొబ్బరికాయ కొట్టడంతో సరి. మా ఆరు వేలు అలా కాదు, ప్రతిదానికీ ముడిపడి ఉంటాయి. ఒక దారం లాగితే బట్టంతా ఊడొచ్చేలా నేశారు.

ఒక క్వారీ గేటు దగ్గర ఆపి, టీచర్నని చెప్పి లోపలికి అనుమతి అడిగాను. వెంకన్న అనే మేస్త్రిని తోడిచ్చి పంపారు. క్రషర్ల మోతలో గట్టిగా అరిస్తే గాని మాట వినిపించదు. దారిలో ఆ తెల్ల పొర గురించి అడిగాను.

"ఆ తెల్లదాండీ? మాకదో పెద్ద తలనొప్పండి. నల్లదే కంకరకి పనికొస్తుంది. తెల్లది మిషన్లో పడితే పిండైపోద్ది. కలిసిందంటే కొనే పార్టీ లారీని వెనక్కి పంపేస్తాడు. అందుకే ఏరి పక్కన పారబోస్తామండి."

"ఆ గవ్వలు ఎలా వచ్చాయని ఎప్పుడైనా అనుకున్నారా?"

"మనకెందుకండీ అదంతా! కింద నల్లది, పైన నల్లది, మధ్యలో ఇది. పన్నెండింటికి బ్లాస్టింగుంది, ఈలోపు చూసుకుని వచ్చేయండి." అలా అని తన పని మీద వెళ్ళిపోయాడు.

పొర నేననుకున్నదానికంటే స్పష్టంగా ఉంది. గోడలా కోసినట్టు కింద నల్లరాయి, దాని మీద నా ఎత్తుకి కాస్త మించి తెలుపు, పైన మళ్ళీ నల్లరాయి. చెయ్యి పెట్టి తడిమాను. మరమేకులా మెలి తిరిగిన గవ్వలు, గిన్నెల్లాంటివి, అరచెయ్యంతవి, గోరంత పిల్ల గవ్వలు. ఒక్క వరదలో కొట్టుకొచ్చినవైతే చెత్తలా కలిసిపోయి ఉండాలి. ఇవి అలా లేవు. ఒక తరం బతికి పోయిన చోటే దాని మీద ఇంకో తరం, దాని మీద ఇంకోటి. అన్నయ్యకి అన్నీ చూపిస్తూ క్లాసులో చెప్పినట్టే చెప్పాను. ముందు లావా, అది చల్లారడం, నీళ్ళు రావడం, ఇన్ని తరాలు, మళ్ళీ లావా. జలప్రళయం నాటి నలభై రోజుల వానలో ఇదంతా పట్టదని చెప్పాను. చివరికి అడగాలనుకున్నది అడిగేశాను. "అన్నయ్యా, మనిషి లేడు, పాపం లేదు. మరి ఇవన్నీ ఎందుకు చచ్చిపోయాయి?"

అన్నయ్య వాదిస్తాడనుకున్నాను, లేదా ప్రార్థన చేద్దామంటాడనుకున్నాను. అతను పారబోసిన రాళ్ళ మీద కూలబడి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నాకు తెలుసు అమ్మడూ" అన్నాడు.

"ఏం తెలుసు?"

"నువ్వు చెప్పిందంతా. సెమినరీలో రెండో ఏడు లైబ్రరీలో చదివాను. నాన్న తెచ్చిన రాయి ఎక్కడిదో, ఎప్పటిదో అప్పుడే తెలిసింది."

"ముప్పై ఏళ్ళయిందా!"

"ముప్పై రెండు."

"మరి ఏటేటా ఎలా చెప్పావు అన్నయ్యా?"

"నాన్న ఉన్నన్నాళ్ళూ ఆయన కోసం చెప్పాను. ఆయన నమ్మే మనిషి, ఆయన ముందు ఎలా కాదంటాను? తర్వాత జనం కోసం. భూమి వయసెంతని నన్నెవరూ అడగరు. మా పిల్లోడు పోయాడండీ, ఇప్పుడెక్కడున్నాడండీ అని అడుగుతారు. ఆ రాయి చేతిలో పెట్టి ఇది నిజమంటే, పిల్లాడి సంగతీ నిజమనుకుంటారు."

నేను అడిగాను. "మరి మా ఆయన సమాధి దగ్గర నాతో అన్నావు. అది?"

అతను కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. "నువ్వు ఆ మట్టిలో పడి ఉన్నావు. ఇంకేమనను?"

"నమ్మి అన్నావా, నమ్మకుండా అన్నావా? ఒక్కటి చెప్పు."

"నువ్వు నమ్ముతున్నావు కదా అని అన్నాను." తలెత్తి నాకేసి చూశాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "సైన్సు చదివావు, పిల్లలకి చెబుతావు. అయినా ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చుంటావు. అన్నీ తెలిసిన పిల్ల కూర్చుందంటే అందులో ఏదో ఉండే ఉంటుంది, నాకే అందలేదు అనుకునేవాణ్ణి. ఇన్నేళ్ళూ నీ మొహం చూసే పుల్పిట్ ఎక్కాను."

నేను ఎవర్ని చూసి ముందు వరసలో కూర్చున్నానో అతనికి చెప్పాలనిపించలేదు. చెప్పకపోయినా అర్థమయ్యే ఉంటుంది. వరదలో చెయ్యీ చెయ్యీ పట్టుకున్న ఇద్దరిలా ఎవరికి వాళ్ళం అవతలివాళ్ళ కాళ్ళు నేలకి ఆనుతున్నాయనే అనుకున్నాం. ఎవరి కాళ్ళూ ఆనలేదు. నాకు కోపం రాలేదు. కోపమొచ్చినా బాగుండేది, కోపానికి కాస్త బలముంటుంది. ఆ ఎండలో నాకు చలి పుట్టింది. మా ఆయన పోయిన రోజు నాకు అన్నయ్య ఉన్నాడు, దేవుడున్నాడు. ఆ రాళ్ళ మధ్య ఆయన రెండోసారి పోయారు, ఈసారి నా పక్కన ఎవరూ లేరు.

బ్లాస్టింగుకి ముందు వేసే విజిల్ వినపడితే బయటికొచ్చేశాం. వచ్చేదారిలో సత్తిబాబు, "దొరికాయాండీ గవ్వలు?" అనడిగాడు. దొరికాయన్నాను. కొవ్వూరు బస్టాండు దగ్గర ఒక మెస్సులో భోజనం చేశాం, ప్లేటు నూట ఇరవై, గోంగూర పచ్చడి, ముద్దపప్పు బాగున్నాయి. అన్నం ముందు అన్నయ్య అలవాటు కొద్దీ కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదల్లేదు. కాసేపటికి కళ్ళు తెరిచి, "సాంబారు పోయించుకో, చల్లారిపోద్ది" అన్నాడు. వడ్డించే ఆవిడ, "ఏంటండీ ఇద్దరూ ఏమీ తినట్లేదు, కారమెక్కువైందా?" అంది. లేదండీ, ఎండకి అని చెప్పాం. తిరుగు బండిలో కిటికీకి చెరో వైపు కూర్చున్నాం.

జులై మొదటి వారంలో ఎర్రనీరు వచ్చింది. పాఠం నా వల్ల కాదని చెప్పాను. అన్నయ్య ఎందుకని అడగలేదు, తనే చెప్పాడు. నేను ముందు వరస వదిలి గుమ్మం పక్కన కూర్చున్నాను. ఎప్పటికంటే బాగా చెప్పాడు. ముసలమ్మలు కళ్ళొత్తుకున్నారు. పిల్లలు రాయి చేతులు మార్చుకుంటూ అనాల్సింది అన్నారు. అంతా అయ్యాక చెప్పుల దగ్గర రిబ్కా నన్ను పట్టుకుంది. "టీచరుగారూ, రెండోది ఎక్కడ రాయాలో మీరు అప్పుడు చెప్పలేదు కదండీ. అయ్యగారిని అడిగితే చెబుతారాండీ?" ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ పిల్లకి నిజం చెప్పే వీలు చిక్కింది. "అయ్యగారిని అడక్కమ్మా" అన్నాను. "ఆయనకి ఇలాంటి అనుమానాలు ఎప్పుడూ రావు. అడిగితే బాధపడతారు." సరేనండీ అని, నమ్మి, వెళ్ళిపోయింది.

ఈ బ్లాగులో నా పేరెందుకు లేదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఊరు చెప్పలేదు, పిల్ల పేరు మార్చాను. టపా ముందే అన్నయ్యకి చూపించాను. చదివి, "దారి వివరాలు సరిగ్గా రాశావు" అన్నాడు. విశ్వాసాన్నీ సైన్సునీ కలుపుకుని హాయిగా బతికేవాళ్ళు ఉన్నారని తెలుసు, వాళ్ళ మీద నాకు ఈర్ష్యే గాని చిన్నచూపు లేదు. వాళ్ళకి కుదిరింది, మాకు కుదరలేదు. మేం కలుపుకోలేదు, ఒకరి చాటున ఒకరం దాక్కున్నాం. ఆరున్నర కోట్ల ఏళ్ళు నన్ను భయపెట్టలేదు. ముప్పై రెండేళ్ళు భయపెట్టాయి. మా ఆయన సమాధికి ఇప్పుడూ వెళుతున్నాను. గడ్డి పీకుతాను, పలక కడుగుతాను. ఇదివరకు ఏదో ఒకటి మాట్లాడేదాన్ని, ఇప్పుడు మాట్లాడడానికేమీ ఉండటం లేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక సలహా. వారం మధ్యలో వెళ్ళండి, గట్టి బూట్లు వేసుకోండి, గేటు దగ్గర తప్పకుండా అనుమతి అడిగి, బ్లాస్టింగు టైము కనుక్కుని, పదకొండున్నరకల్లా బయటపడండి. ఇంకో సంగతి, ఒక్కరే వెళ్ళండి. అన్నయ్యని ఇంటి దగ్గర వదిలేసి వెళ్ళి ఉంటే, అతని ప్రార్థనకి నేను ఈ ఆదివారం కూడా ఆమెన్ అని ఉండేదాన్ని.